తిరుపతి ఎండకూ కార్తీక వానకూ తట్టుకునేలా బేస్ గిటార్‌ను ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా?

బేస్ గిటార్ కొన్న ఏడాది తిరిగేసరికి చాలామంది నోట ఒకే మాట వినిపిస్తుంది. తీగ నొక్కడానికి వేళ్లు నొప్పి పుడుతున్నాయనీ, నొక్కినచోట జీర వస్తోందనీ, నెక్ అనే పొడవాటి కర్ర మీది లోహపు మెట్లలో, అంటే ఫ్రెట్లలో, పైవాటికి వెళితే శ్రుతి కలవడం లేదనీ, కాబట్టి ఇంతకన్నా ఖరీదైన వాద్యం కొనుక్కోవాలనీ అంటారు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వాయించే నేనూ అలాగే అనుకున్నాను. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల తర్వాత నా బేస్ నెక్ ముందుకు వంగి తీగలు బాగా పైకి లేచాయి. నెక్ సంగతి ఆలోచించకుండా నేను బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర వాటిని కిందికి దించేశాను. సంక్రాంతి దాటి గాలి పొడిబారగానే నెక్ మళ్లీ నిటారై, తీగలు ఫ్రెట్ల మీద పడుకున్నాయి. చివరికి దాన్ని భుజాన వేసుకుని బస్సులో చెన్నై వెళితే, అక్కడి మెకానిక్ ఒక్క గంటలో సరిచేసి చేతికిచ్చారు. ఆయన కొత్త సామాను ఏదీ వేయలేదు. తీగలు, నెక్ వంపు, తీగ ఎత్తు, శ్రుతి అనే నాలుగు పనులను ఆ వరుస తప్పకుండా చేశారు, అంతే.

ఈ వ్యాసం ఆ వరుస గురించే. ప్రతి పనీ దాని ముందు పని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి వరుస మారితే మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. మన ఊళ్లో ఏడాదికి రెండుసార్లు, అంటే ఎండలు ముదిరే ఏప్రిల్‌లో ఒకసారి, ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక జనవరిలో మరోసారి ఈ కొలతలు చూసుకుంటే చాలు.

దగ్గర పెట్టుకోవలసినవి

ట్యూనర్, అలెన్ కీల సెట్టు, స్టార్ స్క్రూడ్రైవర్, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, వైరు కత్తిరించే కటింగ్ ప్లేయరు, ఉతికి ఆరేసిన పాత నూలు పంచె ముక్క ఉండాలి. తీగలను ఒకచోట నొక్కిపట్టే క్లిప్పు, అంటే కేపో, ఉంటే పని సులువవుతుంది, లేకపోతే ఇంట్లో మరొకరిని తీగ నొక్కిపట్టమనండి. సన్నని సందులు కొలవడానికి ఆటోమొబైల్ విడిభాగాల దుకాణంలో దొరికే ఫీలర్ గేజ్ శ్రేష్ఠం. బైకు మెకానిక్కులు ట్యాపెట్ సందు చూసేది దానితోనే. అది లేకపోయినా మీ పర్సులోనే రెండు కొలబద్దలున్నాయి. ఏ బ్యాంకు ఏటీఎం కార్డయినా 0.76 మిల్లీమీటర్ల మందం ఉండేలా అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తయారవుతుంది. కాస్త గట్టి అట్టతో వేసిన విజిటింగ్ కార్డు సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ రెండు కార్డులూ ముందు ముందు చాలాసార్లు పనికివస్తాయి.

ఒకటి: తీగలు

కొలతలన్నీ తీగల లాగుడు మీద ఆధారపడతాయి కాబట్టి తీగల పని ముందు తేల్చుకోవాలి. సాధారణ నాలుగు తీగల బేస్‌లో బ్రిడ్జ్ నుంచి తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ, అంటే నట్, వరకు 34 అంగుళాలు ఉంటుంది. లావు తీగ ఈ, సెకనుకు 41 పైచిలుకు కంపనాలతో పలుకుతుంది. తర్వాతి ఏ తీగ 55, డి తీగ 73, జి తీగ 98 కంపనాలకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఈ నాలుగూ కలిసి నెక్‌ను లాగే బలం దాదాపు 75 నుంచి 80 కిలోలు. అందుకే తీగలు మార్చేటప్పుడు నాలుగింటినీ ఒకేసారి విప్పకుండా, ఒకటి తీసి దాని చోట కొత్తది బిగించాకే రెండోదాని జోలికి వెళ్లండి.

కొత్త తీగను బ్రిడ్జ్‌లోంచి లాగి, తల మీద దాన్ని చుట్టవలసిన ట్యూనింగ్ కీలకు అవతల ఒక జానెడుకు కొంచెం తక్కువ దూరం వదిలి, అక్కడ గట్టిగా వంచిన తర్వాతే వంపుకు అవతల కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే పైచుట్టు లోపలి ఇనుప పోగు మీద జారి, తీగ మొద్దుగా పలికే ప్రమాదం ఉంది. కొసను కీలలోని రంధ్రంలోకి దింపి, చుట్లు పైనుంచి కిందికి ఒకదాని కింద ఒకటి వచ్చేలా రెండు మూడు చుట్లు వేస్తే సరిపోతుంది.

పాత తీగలను పారేయాలా, ఉంచుకోవాలా అన్నది మీకు కావలసిన నాదాన్ని బట్టి ఉంటుంది. మే నెలలో మన ఊళ్లో అరగంట వాయిస్తే చేతి చెమట తీగ చుట్ల సందుల్లోకి దిగి, నల్లని మడ్డిలా పేరుకుపోతుంది. వేలితో రుద్దితే మసి అంటుకుంటుంది. మామూలు గరుకు చుట్టు తీగలైతే విప్పి, గిన్నెలో నీళ్లు మరగబెట్టి పది నిమిషాలు ఉంచితే ఆ మడ్డి నీటిలోకి వదులుతుంది. నీళ్లు బూడిదరంగుకు తిరగడం మీకే కనబడుతుంది. తీగలను పూర్తిగా ఆరబెట్టి వేస్తే కొన్ని వారాలపాటు మెరుపు తిరిగి వస్తుంది. ఒకటి రెండుసార్లకు మించి ఇలా చేయడం వల్ల లాభం లేదు. నునుపు చుట్టు తీగలనూ, పైపూత ఉన్నవాటినీ మరగబెట్టకూడదు. నునుపు తీగల అందమే వేరు. అమెరికాలోని మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ నునుపు తీగలనే వాడి, తెగితే తప్ప వాటిని మార్చేవారు కాదని ప్రసిద్ధి. ఆయన పాటల్లో వినిపించే గుండ్రని, పొట్టి నాదంలో ఆ పాత తీగల పాలు కూడా ఉంది.

తీగ విప్పిన చోటల్లా ఫ్రెట్‌బోర్డును తుడవండి. అది ముదురు రంగు రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి జాతి కర్ర అయితే, ఏడాదికి ఒకటి రెండుసార్లు గిటార్ల కోసం అమ్మే లెమన్ ఆయిల్ రెండు చుక్కలు గుడ్డకు అద్ది రాసి, మిగిలింది తుడిచేయాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె, నువ్వులనూనె రాయవద్దు, అవి కర్రలో నిలిచి జిడ్డుబారి ముక్కవాసన వేస్తాయి. వార్నిష్ ఉన్న లేత రంగు మేపుల్ బోర్డుకు ఏ నూనే అక్కర్లేదు.

రెండు: నెక్ వంపు

అన్నిటిలోకీ ఎక్కువ ఓపిక కావలసిన పని ఇదే. తీగ మోగేటప్పుడు మధ్యలో ఎక్కువగా ఊగుతుంది కాబట్టి, ఆ ఊపుకు చోటిచ్చేలా నెక్ కూడా మధ్యలో వెంట్రుకవాసి లోతుగా ఉండాలి. లోతు మరీ ఎక్కువైతే తీగ దూరమై వేళ్లకు భారమవుతుంది. లోతే లేకపోతే మొదటి నాలుగైదు ఫ్రెట్లలో జీర పుడుతుంది. తీగల లాగుడును ఎదిరించి ఈ లోతును అదుపులో పెట్టేది నెక్ లోపల పొడవునా ఉండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ.

కొలిచేముందు బేస్‌ను కచ్చితంగా ట్యూన్ చేసి, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే ఒడిలో పెట్టుకోండి. బల్ల మీద పడుకోబెడితే నెక్ బరువుకు కొలత మారుతుంది. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర కేపోతోనూ, చివరి ఫ్రెట్ దగ్గర వేలితోనూ నొక్కిపట్టండి. ఇప్పుడు ఆ తీగే మీకు నిటారు గీత. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ అడుగుకూ ఫ్రెట్ నెత్తికీ మధ్య విజిటింగ్ కార్డును నెమ్మదిగా జొనపండి. కార్డు తీగను ఒరుసుకుంటూ, దాన్ని పైకి లేపకుండా వెళితే నెక్ బాగుంది. కార్డు దూరకపోయినా, దూరి తీగను పైకి ఎత్తినా నెక్ మరీ నిటారుగా ఉంది. ఏటీఎం కార్డు కూడా హాయిగా దూరిపోతే నెక్ బాగా వంగింది.

ట్రస్ రాడ్ నట్ కొన్ని బేస్‌లలో తల దగ్గర చిన్న మూత కింద, కొన్నింటిలో బాడీ వైపు కొసన ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే కడ్డీ బిగిసి సందు తగ్గుతుంది, అపసవ్యంగా తిప్పితే సందు పెరుగుతుంది. ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పకూడదు. తిప్పాక మళ్లీ ట్యూన్ చేసి, కొలిచి, రాత్రంతా వదిలేసి పొద్దున మరోసారి కొలవండి, ఎందుకంటే కర్ర తన సమయం తాను తీసుకుంటుంది. అలెన్ కీ విషయంలో మాత్రం మీరు చాలా జాగ్రత్తగా ఉండాలని ప్రాధేయపడుతున్నాను. అమెరికా కొలతల్లోని 3/16 అంగుళాల కీ 4.76 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 5 మిల్లీమీటర్ల నట్‌లో కూడా దూరుతుంది, కానీ వదులుగా ఉండి, తిప్పగానే నట్ లోపలి అంచులను అరగదీస్తుంది. కొంచెం కూడా కదలకుండా కూర్చునే కీనే వాడండి. నట్ మొరాయిస్తే బలం చూపవద్దు. అక్కడ ఆగి, ఆ ఒక్క పని కోసమైనా తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లడం మంచిది.

మూడు: తీగ ఎత్తు

నెక్ కుదిరాకే బ్రిడ్జ్ జోలికి రావాలి. నేను తలకిందులుగా చేసిన పని ఇదే. పదిహేడో ఫ్రెట్ దగ్గర, ఏ వేలితోనూ తీగ నొక్కకుండా, ఫ్రెట్ నెత్తి నుంచి తీగ అడుగు వరకు కొలిస్తే లావు తీగకు సుమారు 2.4, సన్న తీగకు 2 మిల్లీమీటర్లు ఉండటం మంచి ఆరంభం. మూడు ఏటీఎం కార్డులు కలిపి పట్టుకుంటే 2.28 మిల్లీమీటర్లు అవుతుంది కాబట్టి, అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులతో లావు తీగ ఎత్తు చీకట్లో కూడా చూసుకోవచ్చు. బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్కను శాడిల్ అంటారు; ప్రతి శాడిల్‌కూ రెండు పక్కలా ఉన్న బుల్లి స్క్రూలను సమానంగా తిప్పి దించండి, లేదా పెంచండి. గట్టిగా మీటే చెయ్యి అయితే ఈ కొలతకు కొంచెం పైనే ఉంచుకోవాలి. తీగ కంపనాన్ని అందుకునే పికప్‌లు తీగకు మరీ దగ్గరైతే వాటి అయస్కాంతం తీగను లాగి నాదం వణుకుతుంది కాబట్టి, చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు కనీసం రెండున్నర మిల్లీమీటర్ల దూరం ఉండేలా చూడండి.

నాలుగు: పన్నెండో ఫ్రెట్ శ్రుతి

ట్యూనర్ పెట్టుకుని, పన్నెండో ఫ్రెట్‌కు సరిగ్గా పైన తీగను వేలితో తాకీ తాకనట్టు తాకి మీటితే గంటలాంటి నాదం వస్తుంది. అది ట్యూనర్‌లో సరిగ్గా మధ్యకు వచ్చేలా చేయండి. తర్వాత అదే ఫ్రెట్‌ను మామూలుగా నొక్కి మీటండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను నెక్ నుంచి దూరంగా, తగ్గుగా ఉంటే నెక్ వైపు జరపాలి. బ్రిడ్జ్ వెనుక ఉన్న స్క్రూ తిప్పేముందు తీగను కొంచెం వదులు చేసి, జరిపాక మళ్లీ ట్యూన్ చేసి, రెండు స్వరాలూ కలిసేదాకా ఇదే పని చేయండి. ఫ్రెట్‌ను గట్టిగా పిసికితే స్వరం హెచ్చుతుంది కాబట్టి, వాయించేటప్పుడు ఎంత ఒత్తిడి పెడతారో అంతే పెట్టండి.

వీణ మెట్లను మైనం మీద స్వరానికి స్వరంగా నిలపగల వైణికుల మధ్య ఉన్నవాళ్లం కాబట్టి, ఇక్కడ ఒక సంగతి విడిగా చెప్పాలి. శనివారం భజనల్లో అన్నమాచార్య సంకీర్తనలకు నేను బేస్ పడతాను. గాయకులు ఒకటిన్నర శ్రుతి అంటే నాకు అది సి షార్ప్, ఏ తీగ మీద నాలుగో ఫ్రెట్. ఐదు శ్రుతి అంటే జి, లావు తీగ మీద మూడో ఫ్రెట్. శ్రుతిపెట్టె మోగుతుండగా షడ్జమం, పంచమం హాయిగా ఒదిగిపోతాయి, కానీ అంతర గాంధారం పట్టినప్పుడు బేస్ కొంచెం హెచ్చుగా కొరుకుతున్నట్టు ఉంటుంది. నేను దీన్ని దోషమనుకుని రెండు ఆదివారాలు శాడిళ్లను అటూ ఇటూ జరిపాను. కారణం శాడిళ్లలో లేదు. అర్ధస్వరాన్ని నూరు సెంట్లుగా లెక్కిస్తే, ఫ్రెట్ల మీది గాంధారం షడ్జమానికి 400 సెంట్ల దూరంలో ఉంటుంది, తంబురతో సహజంగా కలిసే గాంధారం సుమారు 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడా ఫ్రెట్లున్న ప్రతి గిటార్‌లోనూ ఉంటుంది. పంచమంలో తేడా రెండు సెంట్లే కనుక చెవికి అందదు. అందువల్ల పన్నెండో ఫ్రెట్ పరీక్షలో నెగ్గిన బేస్‌ను గాంధారం కోసం కదిలించవద్దు. భజనలో ఆ స్వరం మీద ఎక్కువసేపు నిలవకుండా, షడ్జమ పంచమాల మీద ఆదితాళం ఎనిమిది అక్షరాలను నిలబెట్టడమే బేస్ వాయించేవారికి గౌరవమని నా నమ్మకం.

జీర వాద్యానిదా, చేతిదా?

తంబురలో తీగ కింద నూలుపోగు పెట్టి కోరి తెచ్చుకునే జీర వేరు, బేస్‌లో అడగకుండా వచ్చేది వేరు. ఈ రెండోది వినబడగానే స్క్రూడ్రైవర్ అందుకోకుండా, అదే స్వరాన్ని సగం బలంతో మీటి చూడండి. జీర మాయమైతే సరిచేయవలసింది చేతిని. రెండు ఫ్రెట్ల మధ్యలో కాకుండా, కావలసిన ఫ్రెట్‌ను ఆనుకుని దాని వెనుకనే నొక్కితే తక్కువ బలంతో స్వరం శుభ్రంగా పలుకుతుంది. కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా వాడుతూ, లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, పది నిమిషాలు ఒక్క స్వరాన్నే ఒకే బలంతో మీటగలిగితే, మీ బేస్ తీగలను మరో అర మిల్లీమీటరు దించుకునే అర్హత మీ చేతికి వచ్చినట్టే.

వైర్లు, ఎర్త్

బటన్లు తిప్పినప్పుడు కరకరమంటే సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణాల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పండి. కేబుల్ గుచ్చే జాక్ వదులైతే, పైనుంచి నట్ బిగించేముందు మూత తీసి లోపలి భాగాన్ని పట్టుకోండి, లేకపోతే జాక్‌తో పాటు వైర్లూ మెలిపడి తెగుతాయి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉన్న బేస్ అయితే వాయించడం కాగానే కేబుల్ తీసేయాలి, ఎందుకంటే కేబుల్ ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

తీగలను ముట్టుకోగానే గుయ్యిమనే శబ్దం తగ్గితే అది మామూలే. ముట్టుకున్నప్పుడు పెరిగినా, చేతికి చురుక్కుమన్నా వెంటనే వాయించడం ఆపాలి. పాత ఇళ్ల ప్లగ్గుల్లోనూ, గంగమ్మ జాతర రోజుల్లో జనరేటర్ మీద నడిచే పందిళ్లలోనూ ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడిగి తెలుసుకోకుండా ఆంప్లిఫయర్ తగిలించకండి. ఎంత మొహమాటమైనా ఈ ప్రశ్న అడగాల్సిందే.

బేస్‌ను పడమటి కిటికీ పక్కన గానీ, వానకు చెమ్మగిల్లే గోడకు ఆనించి గానీ, మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో గానీ ఉంచకూడదు. కార్తీకంలో సంచిలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

ఇంకొకరిని అడిగేటప్పుడు

ఇవన్నీ చేసినా తేలని సమస్యను తోటి వాద్యకారులనో మెకానిక్‌నో అడగవలసి వస్తుంది. అప్పుడు “నా బేస్ బాగా లేదు, ఏం చేయాలి” అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. తీగల మందం (అంగుళంలో వెయ్యోవంతుల్లో), అవి ఎన్నాళ్లవి, నెక్ సందు ఎంత, రెండు చివరి తీగల ఎత్తు ఎంత, జీర ఏ తీగ మీద ఏ ఫ్రెట్ దగ్గర వస్తోంది, అది ఆంప్లిఫయర్‌లో కూడా వినబడుతోందా లేక చెవికే వినబడుతోందా అన్నవి చెప్పాలి. మొదటి తీగ అంటే సన్నదని గుర్తుంచుకోండి, లేదా జి తీగ, ఈ తీగ అని పేరుతోనే చెప్పండి. జీర వచ్చే చోటే సగం జవాబు. ఖాళీ తీగలోనే వస్తే తల దగ్గరి నట్‌లోని గాడి అరిగింది. మొదటి అయిదు ఫ్రెట్లలో వస్తే నెక్ నిటారైంది. పన్నెండు దాటాక వస్తే తీగ తక్కువ ఎత్తులో ఉంది, లేదా నెక్ ఎక్కువ వంగింది.

మొన్న మా మిత్రబృందంలో ఒక కుర్రవాడు చిత్తూరు నుంచి ఇలా రాశాడు: “నాలుగు తీగల బేస్, 34 అంగుళాలు. తీగలు 45 నుంచి 105, వేసి మూడు నెలలైంది. నెక్ దగ్గర విజిటింగ్ కార్డు ఒరుసుకుంటూ దూరుతోంది. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఎత్తు 2.4, 2. జి తీగ మీద ఆరో ఫ్రెట్ నొక్కితేనే జీర, అయిదులో లేదు, ఏడులో లేదు. మెల్లగా మీటినా వస్తోంది.” కొలతలన్నీ బాగుండి ఒక్క ఆరో ఫ్రెట్‌లోనే జీర వస్తోందంటే, తీగ దాని పక్కనున్న ఏడో ఫ్రెట్‌కు తగులుతోందన్నమాట. ఏటీఎం కార్డు పొడవాటి అంచును ఆరు, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల మీద జి తీగ పక్కనే నిలబెట్టి చూడమన్నాను. తక్కెడలా అటూ ఇటూ ఊగిందని పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఫ్రెట్ ఒక కొస కర్రలోంచి లేచింది. దాన్ని నొక్కి కూర్చోబెట్టడం అనుభవజ్ఞుల పని కాబట్టి, నెక్‌నూ బ్రిడ్జ్‌నూ ఏమీ కదిలించకుండా, ఆ ఏడో ఫ్రెట్ పక్కన చిన్న కాగితం టేపు అతికించి మెకానిక్‌కు చూపించమన్నాను.